పార్ట్ రాకుండానే కారు ఎందుకు పెట్టుకుంటారు? సగం పనిలో వెనక్కి తెచ్చుకోవచ్చా?

బొమ్మనహళ్ళి కడప (జనవరి 3)

అందరికీ నమస్కారం. నా కారు 40 రోజులుగా సర్వీస్ సెంటర్‌లో ఉంది. పని సగంలో ఆగింది. అలాగే బయటికి తెచ్చేసుకోవాలా, ఇంకా ఆగాలా? ఇంట్లో ఒకరు తెచ్చెయ్ అంటారు, ఒకరు వద్దంటారు. ఆఫీసులో అడిగితే మనిషికో మాట.

జరిగింది ఇది. నవంబర్‌లో బెంగళూరు సిల్క్ బోర్డ్ సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి టెంపో గుద్దింది. వెనక బంపర్ పగిలింది, ఎడమ టెయిల్ లాంప్ గాజు మూల విరిగింది, డిక్కీ డోర్ లోపలికి సొట్టపోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు, అదే పదివేలు. బండి బాగానే నడుస్తోంది. నవంబర్ 24న నేనే నడుపుకుంటూ వెళ్ళి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అప్పగించాను. క్యాష్‌లెస్ ఇన్సూరెన్స్. పది రోజులన్నారు.

పది రోజులయ్యాక ఫోన్ చేస్తే "అప్రూవల్ ఇప్పుడే వచ్చింది సార్" అన్నారు. తర్వాత "పార్ట్ దారిలో ఉంది". తర్వాత "సోమవారం గ్యారంటీ". నాలుగు సోమవారాలు పోయాయి. మధ్యలో నా బండి పని చూసుకునే సర్వీస్ అడ్వైజర్ వేరే బ్రాంచికి మారిపోయాడు. కొత్తాయనకు నా కథంతా మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాల్సి వచ్చింది.

డిసెంబర్ 28న చెప్పకుండా వెళ్ళి చూశాను. కారు వెనక ఖాళీ స్థలంలో ఎండలో ఉంది. బంపర్ లేదు, లాంప్ ఉండాల్సిన చోట న్యూస్ పేపర్ కుక్కి టేపు అంటించారు. అద్దాల మీద వేలితో పేరు రాసేంత దుమ్ము. తాళం తిప్పితే బ్యాటరీ చచ్చిపోయి ఉంది. డిక్కీ డోర్ మాత్రం కొత్తది వేసి పెయింట్ చేశారు. బంపర్ వచ్చిందట, లాంప్ రాలేదట. లాంప్ లేకుండా బంపర్ బిగిస్తే మళ్ళీ విప్పాలి కాబట్టి రెండూ ఆపామన్నారు. నేను గొంతు పెంచాను. పక్కన ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

అమ్మకు అక్టోబర్‌లో మోకాలి ఆపరేషన్ అయింది. సంక్రాంతికి మదనపల్లె మీదుగా కడపకు తీసుకెళ్ళాలి. బస్సు మెట్లు ఎక్కలేదు. ఈ 40 రోజుల్లో క్యాబ్‌లకే 14,600 రూపాయలు అయింది. డబ్బు సంగతి తర్వాత. నన్ను నిజంగా బాధపెడుతున్నది ఒక్కటే: నడిచే బండిని, పార్ట్ చేతిలో లేకుండా, ముందే విప్పి ఎందుకు పెట్టుకోవాలి? పార్ట్ వచ్చాక పిలిస్తే తెచ్చి ఇవ్వనా?

వీల్ స్పానర్ (జనవరి 3)

తమ్ముడూ, నాది కుప్పం. కేఆర్ పురంలో చిన్న గ్యారేజీ నడుపుతున్నాను, 19 ఏళ్ళయింది. నా మాట: తెచ్చేసుకో.

నా దగ్గర ఆరు బండ్లకే చోటు. పార్ట్ లేని బండిని లోపల పెడితే ఆ రోజు నా కూలి పోయినట్టే. అందుకే ఫోటోలు తీసుకుని, ఛాసిస్ నంబరు రాసుకుని, పార్ట్ తెప్పించాకే పిలుస్తాను. జేసీ రోడ్డు స్పేర్ పార్టుల షాపుల్లో దొరికేదైతే సాయంత్రానికే పని అయిపోతుంది. పెద్ద షెడ్లకు స్థలం ఎక్కువ, కాబట్టి నీ బండి నెల రోజులు ఎండలో నిలబడినా వాళ్ళకు ఏమీ పోదు. నష్టం ఎవరికి ఉంటే తొందర వాళ్ళకే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా అందరికీ తెలియాలి. మా లాంటివాళ్ళకు కంపెనీ పార్టులు సులువుగా ఎందుకు దొరకవు? 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ (మార్కెట్‌లో పోటీ దెబ్బతినకుండా చూసే సంస్థ) 14 కార్ల కంపెనీలకు 2,500 కోట్లకు పైగా జరిమానా వేసింది. అసలైన స్పేర్ పార్టులు, రిపేరు సమాచారం, టూల్స్ బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదన్నదే ఆ కేసు. తర్వాత అది అప్పీళ్ళకు వెళ్ళింది. అప్పట్లో ఆ వార్త కాగితం కత్తిరించి గోడకు అంటించుకున్నాను. ఇన్నేళ్ళయినా కొన్ని మోడళ్ళ లాంప్ కోసం నేను డీలర్ కౌంటర్ దగ్గరే నిలబడాలి. జనం ఒకే గుమ్మం దగ్గర క్యూ కడితే ఆలస్యం కాక ఏమవుతుంది?

ఒకప్పటి అడ్వైజర్ (జనవరి 3)

అన్న చెప్పిన దాంట్లో నిజం ఉంది. కానీ తెచ్చుకోమనడం మాత్రం ఈ కేసులో తప్పు సలహా అని నా అభిప్రాయం. నేను బెంగళూరులోనే రెండు సర్వీస్ సెంటర్లలో ఎనిమిదేళ్ళు అడ్వైజర్‌గా చేశాను. ఇప్పుడు వేరే పనిలో ఉన్నాను కాబట్టి ఎవరినీ వెనకేసుకు రావాల్సిన అవసరం లేదు. లోపల ఏం జరుగుతుందో చెప్తాను.

యాక్సిడెంట్ బండి రాగానే జాబ్ కార్డ్, అంటే ఆ బండి పని చీటీ, తెరుస్తారు, ఎస్టిమేట్ వేస్తారు, ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్తారు. నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చి చూస్తాడు. బంపర్ విప్పితే గానీ దాని వెనక దన్నుగా ఉండే రీఇన్‌ఫోర్స్‌మెంట్ వంగిందో లేదో, సెన్సార్ బ్రాకెట్ విరిగిందో లేదో తెలియదు. విప్పాక కొత్త డ్యామేజ్ కనిపిస్తే సప్లిమెంటరీ ఎస్టిమేట్, దానికి మళ్ళీ అప్రూవల్. అందుకే ముందే విప్పుతారు. ఫోటోలు చూసి పార్టులు తెప్పిస్తే, విప్పాక ఇంకొకటి బయటపడి మళ్ళీ మొదటికి వస్తుంది.

అప్రూవల్ రాకముందు డీలర్ పార్ట్ ఆర్డర్ పెట్టడు. క్లెయిమ్ రిజెక్ట్ అయితే ఆ డిక్కీ డోర్ ఎవరికి అమ్మాలి? ఫిల్టర్లు, బ్రేక్ ప్యాడ్లు స్టాక్ ఉంటాయి గానీ బాడీ పార్టులు ఉండవు. ఒకే మోడల్‌లో నాలుగైదు వేరియంట్లు, ఒక దాంట్లో బల్బు లాంప్, ఇంకో దాంట్లో ఎల్ఈడీ. అన్నీ కొని పెట్టుకోలేరు. గోడౌన్‌లో ఉంటే వారం లోపల వస్తుంది. లేకపోతే బ్యాక్ ఆర్డర్‌లో పడుతుంది, దానికి ఎవరూ తేదీ చెప్పలేరు. ఆ మాట కస్టమర్‌కు చెప్పే ధైర్యం లేకే "సోమవారం" అంటారు. నేనూ అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

డోర్ వచ్చాక డెంటర్ గ్యాప్‌లు సరిచూడాలి, తర్వాత పుట్టీ, ప్రైమర్, బూత్‌లో పెయింట్, పాలిష్. చాలా షెడ్లలో బూత్ ఒక్కటే. పెయింటర్లు ఎక్కువమంది కాంట్రాక్ట్ మనుషులు, పండగకు ఊరెళ్తే పని ఆగుతుంది. ఇక అడ్వైజర్‌కు రోజూ వచ్చే సర్వీసు బండ్లు పది, పదిహేను ఉంటాయి. సాయంత్రానికి వాటి బిల్లు తెగాలి. దాని మీదే టార్గెట్. యాక్సిడెంట్ బండి అందుకే మూలకు పోతుంది. 2022 సెప్టెంబర్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్క లేఅవుట్లు మునిగినప్పుడైతే టో ట్రక్కులు గేటు బయట వరుస కట్టాయి. ఆ నెలలో ఆలస్యానికి ఎవరినీ తిట్టలేం. మీది అలాంటి కారణం కాదు.

బయటికి తెస్తే వచ్చే చిక్కు: నిలిచిపోయిన బండి కోసం వీఓఆర్ అని అర్జెంట్ ఆర్డర్ ఉంటుంది, వెహికల్ ఆఫ్ రోడ్ అన్నమాట. బండి మీ ఇంటి ముందు తిరుగుతుంటే ఆ అర్జెంటు పోతుంది. మీ లాంప్ మామూలు వరసలో వస్తుంది. పైగా క్యాష్‌లెస్ క్లెయిమ్‌లో జాబ్ కార్డ్ మూసేసి బిల్లు చేస్తే, మిగిలిన లాంప్‌ను కొత్త క్లెయిమ్ అంటారు.

ముందు మీరు మూడు విషయాలు రాతపూర్వకంగా అడగండి. సర్వేయర్ అప్రూవల్ తేదీ, లాంప్ ఆర్డర్ నంబరు, ఆ ఆర్డర్ పెట్టిన తేదీ. మూడోది అడగగానే ఎదుటివాళ్ళ ముఖం చూడండి.

వైట్‌ఫీల్డ్ నెల్లూరు (జనవరి 4)

నేను తెచ్చేసుకున్నదాన్నే. రెండేళ్ళ కిందట, ముందు వైపు దెబ్బ. 26 రోజులు చూసి, కోపంలో పాత హెడ్‌లైట్ బిగించి ఇచ్చెయ్యమన్నాను. సంతకం పెట్టమన్న కాగితం చదవకుండా పెట్టేశాను. అందులో "పని సంతృప్తికరంగా పూర్తయింది" అని ఉంది. తర్వాత హెడ్‌లైట్ కోసం వెళ్తే ఆ కాగితమే చూపించారు. ఇన్సూరెన్స్ వాళ్ళూ అదే మాట. చివరికి నా డబ్బుతోనే వేయించుకున్నాను.

అన్నా, కోపం వచ్చిన రోజు మాత్రం ఏ నిర్ణయం తీసుకోకండి. మా ఆయన్ని, పిల్లల్ని ఆ మూడు నెలలు నేను ఎంత విసిగించానో నాకే తెలుసు. కారు గొడవ ఇంట్లోకి వచ్చేస్తుంది.

కోర్టు మెట్లు (జనవరి 4)

నేను లాయరును కాదు. ఒక సర్వీస్ సెంటర్ మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో నా కేసు నేనే వాదించుకున్నాను, దాని కోసం చదివాను. ఇక్కడ అందరూ "తెచ్చుకోవచ్చా" అంటున్నారు. చట్టం ఏమంటుందో చెప్తాను.

మనం కారు అప్పగిస్తే అది 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం ప్రకారం బెయిల్‌మెంట్, అంటే పని కోసం వస్తువును ఇంకొకరికి అప్పగించి, అయ్యాక తిరిగి తీసుకోవడం. గడువు అనుకోకపోతే సహేతుకమైన సమయంలో పని చేసి ఇవ్వాలని 46వ సెక్షన్. ఇవ్వాల్సిన సమయానికి ఇవ్వక తన తప్పు వల్ల ఆపుకుంటే, అప్పటి నుంచి ఆ వస్తువుకు జరిగే నష్టానికి అతనిదే బాధ్యత అని 161వ సెక్షన్. మీ బ్యాటరీ చచ్చిపోయింది చూడండి, అది సరిగ్గా ఇక్కడికే వస్తుంది. ఫోటో తీశారా? తీయకపోతే ఈ రోజే వెళ్ళి తీయండి. కిలోమీటర్ల రీడింగ్, పెట్రోల్ ముల్లు కూడా.

వాళ్ళ వైపూ చట్టం ఉంది. 170వ సెక్షన్ ప్రకారం, ఒప్పుకున్న పని చేసినవాడు కూలి అందేదాకా వస్తువును ఆపుకోవచ్చు. చట్టంలోనే ఉదాహరణలు ఉన్నాయి: సానబట్టడానికి వజ్రం ఇస్తే, పని పూర్తిచేసిన వర్తకుడు కూలి వచ్చేదాకా దాన్ని ఉంచుకోవచ్చు. కోటు కుట్టిన దర్జీ మాత్రం, కుట్టగానే ఇస్తాను, డబ్బుకు మూడు నెలలు గడువిస్తాను అని ముందే ఒప్పుకుంటే ఆపుకోకూడదు. కాబట్టి మీ డిక్కీ డోర్ పనికి లెక్క తేల్చకుండా బండి ఇమ్మంటే వాళ్ళు కాదనవచ్చు. అరిచి తెచ్చుకునే వ్యవహారం కాదిది.

నా అభిప్రాయం: తెచ్చుకోవద్దు, నోటీసు పంపండి. ముందు 1915 నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. వాళ్ళు ఫిర్యాదును కంపెనీకి పంపిస్తారు. దానికీ కదలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద కమిషన్. మీరు ఉండే చోటే వేయొచ్చు, మనం చెల్లించిన సొమ్ము 5 లక్షల దాకా అయితే ఫీజు లేదు, రెండేళ్ళ లోపల వేయాలి. క్యాబ్ రసీదులన్నీ దాచండి. నా విషయంలో నోటీసు పంపిన పదకొండో రోజున బండి వచ్చింది.

ఇన్సూరెన్స్ వైపు కూడా ఆలస్యం ఉందేమో చూడండి. 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ (ఇన్సూరెన్స్ కంపెనీలను నియంత్రించే సంస్థ) ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, తెలియజేసిన 24 గంటల్లో సర్వేయర్‌ను పెట్టాలి, 15 రోజుల్లో ఆయన రిపోర్ట్ ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. మీ పాలసీలో డైలీ అలవెన్స్ యాడ్ ఆన్, అంటే బండి రిపేరులో ఉన్న రోజులకు భత్యం ఇచ్చే అదనపు కవర్, ఉందా? చాలామంది ప్రీమియం కడతారు గానీ అడగరు.

వీల్ స్పానర్ (జనవరి 4)

నోటీసు మంచిదే సార్. కానీ ఆ అబ్బాయికి పదో తారీఖుకల్లా బండి కావాలి. వాళ్ళమ్మ మోకాలికి సెక్షన్లు తెలియవు కదా.

ఒకప్పటి అడ్వైజర్ (జనవరి 4)

కోర్టు మెట్లు గారూ, నోటీసు గురించి ఒక మాట. మొదటి రోజే నోటీసు పంపిన కస్టమర్ ఫైలు లీగల్ వాళ్ళ దగ్గరికి పోతుంది. అప్పటి నుంచి అడ్వైజర్ గానీ మేనేజర్ గానీ సొంతంగా ఏ సర్దుబాటూ చేయరు, ఏ మాటా ఇవ్వరు. మనిషితో తేలే పనిని ముందు మనిషితో తేల్చుకోవాలి. అడ్వైజర్‌ను దాటి వర్క్స్ మేనేజర్‌తో, ఉదయం పదకొండు లోపల, కూర్చుని మాట్లాడండి. సాయంత్రం డెలివరీల హడావుడిలో వెళ్తే ఎవరూ వినరు.

కోర్టు మెట్లు (జనవరి 4)

నలభై రోజులు మనుషులతోనే మాట్లాడాడు కదండీ ఆయన! ఇంకా ఎన్నిసార్లు? మర్యాదగా ఉన్నవాడి బండి మూలకు, గట్టిగా అడిగినవాడి బండి బూత్‌లోకి. ఈ పద్ధతి మారాలంటే కాగితం పడాలి. మీరు మంచివారు, ఒప్పుకుంటాను. అందరు అడ్వైజర్లూ మీలా లేరు.

బొమ్మనహళ్ళి కడప (జనవరి 6)

అందరికీ దండాలు. అడ్వైజర్ అన్న చెప్పిన మూడు ప్రశ్నలు మెయిల్‌లో పంపి, నిన్న ఉదయం పదిన్నరకు వర్క్స్ మేనేజర్ దగ్గర కూర్చున్నాను. ఆయన కంప్యూటర్ స్క్రీన్ నా వైపు తిప్పాడు.

సర్వేయర్ నవంబర్ 27నే వచ్చాడు. అప్రూవల్ డిసెంబర్ 4న వచ్చింది. మూడు పార్టులూ 5న ఆర్డర్ పెట్టారు. లాంప్ 15న వచ్చింది కూడా! కానీ అది బల్బు లాంప్, నాది ఎల్ఈడీ. వేరియంట్ తప్పు రాశారు. అది తప్పు లాంప్ అని 20న చూసుకుని వెనక్కి పంపించారు. సరైన లాంప్ ఆర్డర్ ఎప్పుడు పెట్టారో తెలుసా? డిసెంబర్ 29. నేను వెళ్ళి అరిచిన మరుసటి రోజు. అంటే తొమ్మిది రోజులు నా కారు ఎవరి కోసమూ, దేని కోసమూ ఎదురుచూడలేదు. ఊరికే నిలబడి ఉంది. ఆ తొమ్మిది రోజులూ "పార్ట్ దారిలో ఉంది" అని నాకు ఫోన్‌లో చెప్పారు.

పాడైన బ్యాటరీ ఫోటో, రీడింగ్ ఫోటో తీశాను. 1915కి ఫోన్ చేశాను, ఫిర్యాదు నంబరు ఇచ్చారు. యాడ్ ఆన్ చూశాను, నా పాలసీలో డైలీ అలవెన్స్ లేదు.

ఒకప్పటి అడ్వైజర్ (జనవరి 6)

ఆ తొమ్మిది రోజులకు నా దగ్గర సమాధానం లేదు. అడ్వైజర్ మారినప్పుడు బండ్ల లిస్టు చేతులు మారుతుంది, లోపలి సంగతులు మారవు. మీ బండి ఆ సందులో పడింది. ఇది పార్ట్ కొరత కాదు, పట్టించుకోకపోవడం. కాబట్టి నా మాట కొంచెం మార్చుకుంటున్నాను. పాత లాంప్ ఇంకా వాళ్ళ దగ్గర ఉందా అడగండి. మార్చిన పాత పార్టులను రీ ఇన్స్పెక్షన్ కోసం, అంటే ఇన్సూరెన్స్ వాళ్ళు మళ్ళీ చూడటానికి, ఉంచుతారు, సాధారణంగా పారేయరు. దాని లైట్లు వెలుగుతుంటే తాత్కాలికంగా అదే బిగించి, కొత్త బంపర్ వేసి ఇమ్మనండి. ఎడమ వైపు లైటు లేకుండా మాత్రం రోడ్డెక్కొద్దు. జాబ్ కార్డ్ ఓపెన్‌లో ఉంచాలి, ఫైనల్ బిల్లు చేయకూడదు, వైట్‌ఫీల్డ్ గారు పెట్టినట్టు పని పూర్తయిందన్న కాగితం మీద సంతకం పెట్టకూడదు.

వీల్ స్పానర్ (జనవరి 6)

లాంప్ మార్చడానికి బంపర్ మళ్ళీ విప్పాలి, వాళ్ళకు రెండో కూలి. ఆ కూలి నీ మీద వేయకుండా ఇప్పుడే రాయించుకో. తప్పు వేరియంట్ రాసింది వాళ్ళు. కొత్త పెయింట్ మీద క్లిప్పులు విప్పేటప్పుడు గీత పడితే దానికీ వాళ్ళదే బాధ్యత అని రాయించు. బండి తీసుకునేటప్పుడు పగటి వెలుతురులో డోర్ రంగు, పక్క ప్యానెల్ రంగు కలిశాయా చూసుకో. షెడ్ ట్యూబ్‌లైటు కింద అన్నీ ఒకేలా కనిపిస్తాయి.

హోసూరు రోడ్డు (జనవరి 7)

చదువుతూ వచ్చాను. నాకు ఒకటే అనిపిస్తోంది. నడిచే బండికి సర్వే అయిపోయాక, అప్రూవల్ వచ్చేదాకా, పార్టులు వచ్చేదాకా బంపర్ తిరిగి బిగించి ఇంటికి పంపడానికి ఒక గంట కూలి అవుతుందేమో. ఆ గంట కూలి కస్టమర్ దగ్గర తీసుకున్నా నేను సంతోషంగా ఇస్తాను. నెల రోజుల క్యాబ్‌ల ముందు అదెంత? ఈ ఏర్పాటు గురించి బండి ఇచ్చే రోజే అడగాలని నాకు ఇప్పటిదాకా తట్టలేదు.

ఒకప్పటి అడ్వైజర్ (జనవరి 7)

పగిలిన బంపర్ తిరిగి నిలబడకపోవచ్చు, ప్రతి బండికీ కుదరదు. కానీ అడిగితే తప్పు లేదు. మా రోజుల్లో అడిగినవాళ్ళు తక్కువ.

కోర్టు మెట్లు (జనవరి 7)

కడప గారూ, బండి వచ్చినా ఫిర్యాదు వెనక్కి తీసుకోకండి. ఆ తొమ్మిది రోజుల అబద్ధం వాళ్ళ కంప్యూటర్‌లోనే తేదీలతో సహా ఉంది. ఇంత స్పష్టమైన ఆధారం నా కేసులో నాకు లేదు.

బొమ్మనహళ్ళి కడప (జనవరి 11)

కారు ఇంటికి వచ్చింది. పాత లాంప్ వాళ్ళ స్క్రాప్ గదిలోనే ఉంది, మూల విరిగినా అన్ని లైట్లూ వెలుగుతున్నాయి. దాన్నే బిగించి, కొత్త బంపర్ వేశారు. కొత్త బ్యాటరీ వాళ్ళ ఖర్చుతోనే. 161వ సెక్షన్ అని మెయిల్‌లో ఒక్క వాక్యం రాశాను, దాని మీద వాదించలేదు. డిపాజిట్‌గా 10,000 కట్టించుకుని రసీదు ఇచ్చారు. కొత్త లాంప్ బిగించే రెండో కూలి నా దగ్గర తీసుకోబోమని, గీత పడితే మళ్ళీ పెయింట్ చేస్తామని రాసి ఇచ్చారు. వెలుతురులో చూశాను, రంగు కలిసింది. పెయింటర్ అనంతపురం అబ్బాయి, డోర్ అంచులు వేలితో తడిమి చూపించాడు. పని మాత్రం మనసు పెట్టి చేశాడు, అది చెప్పకపోతే అన్యాయం.

క్యాబ్ డబ్బుల సంగతి ఇంకా తేలలేదు. ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు. రేపు తెల్లవారుజామున బయలుదేరుతున్నాం. అమ్మ ఇప్పటికే వెనక సీట్లో దిండు సర్దుకుంది.

ఒకప్పటి అడ్వైజర్ (జనవరి 11)

చాలా సంతోషం. జాబ్ కార్డ్ క్లోజ్ చేయలేదు కదా? గేట్ పాస్ మీద ఏం రాశారో ఒకసారి చూడండి.

బొమ్మనహళ్ళి కడప (జనవరి 11)

ఇప్పుడే చూశాను అన్నా. "లాంప్ పెండింగ్, జాబ్ కార్డ్ ఓపెన్" అని రాసి మేనేజర్ సంతకం పెట్టాడు. ఫోటో తీసి మెయిల్ కూడా చేశాను.